మీటరు చెప్పేదెంత? నీరు దాచేదెంత?

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి, జేఎన్‌యూ పాత ప్రాంగణానికి ఆనుకుని ఉన్న చిన్న పేట బేర్ సరాయ్. సరాయ్ అంటే బాటసారుల సత్రం. ఇప్పుడు ఇక్కడ బస చేసేది ఎక్కువగా విద్యార్థులే. సివిల్ సర్వీసెస్, ఇంజినీరింగ్ సర్వీసెస్, గేట్ వంటి పరీక్షల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారు బేర్ సరాయ్‌లోనూ, పక్కనున్న జియా సరాయ్, కట్వారియా సరాయ్‌లలోనూ అద్దె గదుల్లో ఉంటారు. వారిలో తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. పాత పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ సెంటర్లు, మెస్‌లు పక్కపక్కనే ఉండే ఇలాంటి వీధుల్లో గదిలోకి దిగినవారికి మొదట ఎదురయ్యే ప్రశ్నల్లో ఒకటి నీళ్ల గురించే. కుళాయి నీళ్లు తాగొచ్చా, 20 లీటర్ల క్యాన్ కొనాలా, లేక నలుగురం కలిసి ఆర్‌ఓ యంత్రం పెట్టుకోవాలా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే వస్తువుగా కొన్నేళ్లుగా పెన్ను ఆకారంలో ఉండే చిన్న మీటరు చలామణిలో ఉంది. గ్లాసులో ముంచితే రెండు క్షణాల్లో అంకె చూపిస్తుంది. అంకె పెద్దదైతే 'చెడ్డ నీళ్లు', చిన్నదైతే 'మంచి నీళ్లు' అని తీర్పు ఇచ్చేస్తారు. ఆ అంకె దేనిని కొలుస్తుందో, దేనిని కొలవదో తెలియకపోతే ఈ తీర్పు రెండు విధాలా నష్టం చేస్తుంది. నిక్షేపంగా తాగగలిగే నీటిని పారబోయించవచ్చు. ప్రమాదకరమైన నీటిని నమ్మకంగా తాగించవచ్చు.

మూడు వేర్వేరు లెక్కలు

నీటి గురించి మాట్లాడేటప్పుడు మూడు విషయాలు కలిసిపోతుంటాయి. మొదటిది పీహెచ్, అంటే నీరు ఆమ్లమా, క్షారమా అన్నది. రెండోది కాఠిన్యత, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం ఎంత అన్నది. మూడోది టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న ఘన పదార్థాల మొత్తం. వీటికి వేర్వేరు పరికరాలు, వేర్వేరు పద్ధతులు ఉన్నాయి. ఒకదాని అంకెను చూసి మరొకదాన్ని చెప్పలేం.

తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ఐఎస్ 10500:2012 ప్రకారం పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. కాఠిన్యత లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతి ఉంది. టీడీఎస్‌కు ఈ రెండు హద్దులు 500, 2000 మిల్లీగ్రాములు. పీహెచ్‌కు మాత్రం అలాంటి సడలింపు లేదు.

పప్పు గిన్నెలో రసాయన శాస్త్రం

ఈ లెక్కలేవీ లేని కాలంలోనూ తెలుగు ఇళ్లలో నీటి పరీక్షలు జరిగేవి. 'ఆ బావి నీళ్లలో పప్పు ఉడకదు', 'ఈ బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు' అనే మాటలు కాఠిన్యతకు సంబంధించినవే. కందిపప్పు కణాల గోడల్లో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు ఆ పెక్టిన్ పోగులను ఒకదానితో ఒకటి కట్టిపడేస్తాయి. పప్పు మెత్తబడటానికి ఎక్కువ సమయం, ఎక్కువ గ్యాస్ పడతాయి.

అదే గిన్నెలో పీహెచ్ పాఠం కూడా ఉంది. పప్పు ఉడకకముందే చింతపండు పులుసు పోయకూడదని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు. ఆమ్లం ఉన్నప్పుడు పెక్టిన్ త్వరగా విడిపోదు. చిటికెడు వంటసోడా వేస్తే నీరు క్షారమై పప్పు తొందరగా మెత్తబడుతుంది. ఊళ్లో పది నిమిషాల్లో ఉడికిన పప్పు ఢిల్లీ గదిలోని ఇండక్షన్ పొయ్యి మీద మొండికేస్తే, పప్పును తప్పుపట్టే ముందు నీటి కాఠిన్యతను అనుమానించాలి.

సబ్బు విషయమూ అంతే. సబ్బు కాల్షియంతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారుతుంది. బకెట్ అంచున పేరుకునే తెల్లటి జిడ్డు అదే. కాల్షియం, మెగ్నీషియం అంతా ఇలా ఖర్చయ్యాకే నురగ మొదలవుతుంది. బట్టల డిటర్జెంట్లు ఇలా తెట్టు కట్టవు కాబట్టి ఈ పరీక్షకు అవి పనికిరావు.

పీహెచ్‌కు ఇంటి సూచిక పసుపు. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారి పారాణి అవుతుంది. పసుపులోని కుర్కుమిన్ క్షారంలో రంగు మారడమే ఇందుకు కారణం. అయితే ఆమ్ల ద్రావణంలోనూ, తటస్థ నీటిలోనూ పసుపు పచ్చగానే ఉంటుంది. 6.2 పీహెచ్ నీటికీ 7 పీహెచ్ నీటికీ తేడా చెప్పలేదు. ఆ తేడా తెలియాలంటే మీటరు కావాలి.

నిమ్మరసం నుంచి పుట్టిన మీటరు

పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సన్ ప్రతిపాదించాడు. ఈ కొలమానంలో ఒక్క అంకె మారిందంటే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారినట్టు. పీహెచ్ 6 ఉన్న నీరు 7 ఉన్న నీటికన్నా పది రెట్లు, 5 ఉన్న నీరు వంద రెట్లు ఎక్కువ ఆమ్లం. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 వరకు, పాలది 6.6కు దగ్గరగా, సముద్రపు నీటిది 8.1కు దగ్గరగా ఉంటుంది. కాలుష్యం లేని వాన నీరు కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని 5.6 దగ్గర ఉంటుంది.

ఎక్కడికైనా తీసుకెళ్లగల పీహెచ్ మీటరు కథ కాలిఫోర్నియా నిమ్మతోటల దగ్గర మొదలైంది. అక్కడి పండ్ల రైతుల సంఘంలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త గ్లెన్ జోసెఫ్ నిమ్మరసం ఆమ్లత్వాన్ని కొలవలేక ఇబ్బంది పడేవాడు. రసం నిల్వకు వాడే సల్ఫర్ డయాక్సైడ్ లిట్మస్ రంగును వెలిసిపోయేలా చేసేది. అతని కోసం 1934లో ఆర్నాల్డ్ బెక్‌మన్ గాజు ఎలక్ట్రోడునూ, వాల్వులతో నడిచే యాంప్లిఫయరునూ కలిపి ఒకే పెట్టెలో అమర్చాడు. నేడు జేబులో పట్టే మీటర్లకు అదే మూలం.

దీని పనితీరు సరళమే. పలుచని ప్రత్యేక గాజు పొర లోపల పీహెచ్ తెలిసిన ద్రావణం ఉంటుంది, బయట పరీక్షించాల్సిన నీరు ఉంటుంది. రెండువైపులా హైడ్రోజన్ అయాన్ల గాఢతలో ఉన్న తేడాను బట్టి గాజు పొర మీద చిన్న వోల్టేజి పుడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కో పీహెచ్ అంకెకు అది సుమారు 59 మిల్లీవోల్టులు. మీటరు ఆ వోల్టేజిని పీహెచ్ అంకెగా మార్చి చూపిస్తుంది.

గాజు పొర వయసును బట్టి, ఎండిపోవడాన్ని బట్టి ఈ వోల్టేజి జరుగుతూ ఉంటుంది. అందుకే పీహెచ్ తెలిసిన బఫర్ ద్రావణాలతో, సాధారణంగా 4, 7, 9.2 విలువలు గల వాటితో, మీటరును సరిచేసుకోవాలి. కొన్ననాడు సరిచేసి ఆరు నెలల తర్వాత వాడితే అంకె కనిపిస్తుంది గాని దాన్ని నమ్మలేం. ఎలక్ట్రోడును పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో తడిగా ఉంచాలి. శుభ్రంగా ఉంటుందని డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ చేస్తే త్వరగా పాడవుతుంది.

ప్రయోగశాల ఉండగా చేతి మీటరు ఎందుకు? బోరు నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. నీరు పైకి వచ్చి గాలి తగలగానే ఆ వాయువు తప్పించుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. సీసాలో పట్టి సాయంత్రానికి ల్యాబుకు చేర్చే సరికి అది బోరులో ఉన్న నీరు కాదు. పీహెచ్‌ను నీరు పట్టిన చోటే, పట్టిన వెంటనే కొలవాలనడానికి కారణం ఇదే.

కాఠిన్యతను కొలిచేది రంగు

పెన్ను మీటరును 'హార్డ్‌నెస్ మీటర్' అని పిలిచేవారు ఉన్నారు. టీడీఎస్ మీటరుకు కాల్షియం తెలియదు, మెగ్నీషియం తెలియదు. దాని కొనలోని రెండు లోహపు ముళ్ల మధ్య నీటిలోంచి ఎంత విద్యుత్తు ప్రవహిస్తోందో మాత్రమే అది చూస్తుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో అర గ్రాము శుద్ధమైన ఉప్పు కలిపితే మీటరు 500కు దగ్గరగా చూపిస్తుంది. ఆ నీటి కాఠిన్యత మాత్రం సున్నా, సబ్బు హాయిగా నురగ వస్తుంది. అదే గ్లాసులో చెంచాడు పంచదార కలిపినా మీటరు అంకె పెరగదు. పంచదార అయాన్లుగా విడిపోదు కాబట్టి విద్యుత్తును మోయదు.

కాఠిన్యతకు నమ్మదగిన పద్ధతి అంశమాపనం. నీటి నమూనాలో అమోనియా బఫర్ కలిపి పీహెచ్‌ను 10కి తెస్తారు. ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే సూచిక వేస్తే కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీరు ద్రాక్ష ఎరుపు రంగులోకి వస్తుంది. అప్పుడు ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తారు. ఈడీటీఏ ఒక్కో అయాన్‌ను పట్టి బంధిస్తుంది. చివరి అయాన్ కూడా చిక్కగానే రంగు నీలంగా మారుతుంది. 0.01 మోలార్ ఈడీటీఏ ఒక మిల్లీలీటరు, ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కు సమానం. 50 మిల్లీలీటర్ల నీటికి 12 మిల్లీలీటర్లు ఖర్చయితే, లీటరుకు 240 మిల్లీగ్రాముల కాఠిన్యత అన్నమాట.

ఇదే పద్ధతి చిన్న కిట్ల రూపంలో దొరుకుతుంది. రంగు మారేదాకా వేసిన చుక్కలను లెక్కపెట్టి, కిట్ మీద రాసిన సంఖ్యతో గుణిస్తే చాలు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో గ్రామానికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇచ్చి చేయిస్తున్న క్షేత్రస్థాయి నీటి పరీక్షలూ ఇలాంటి కిట్లతోనే. బేర్ సరాయ్ గదిలో ఇంజినీరింగ్ పుస్తకాలు చదివే విద్యార్థికి ఈ పరీక్ష కష్టమేమీ కాదు.

చలికాలంలో బకెట్‌లో ముంచే హీటర్ రాడ్ మీద పేరుకునే తెల్లటి పెచ్చు కూడా ఒక సాక్ష్యమే. నీటిలోని కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా రాడ్‌కు అంటుకుంటుంది. ఇది తాత్కాలిక కాఠిన్యత. కాచి, చల్లార్చి, తేర్చుకుంటే కొంత పోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చే శాశ్వత కాఠిన్యత కాచినా పోదు. పెచ్చు కట్టిన రాడ్ నీటిని వేడి చేయడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. స్విచ్ తీసేసి, ప్లగ్ లాగి, నిమ్మరసం లేదా వెనిగర్ కలిపిన నీటిలో నానబెడితే ఆ పెచ్చు బుడగలతో కరిగిపోతుంది.

ఒకే నీరు, రెండు అంకెలు

టీడీఎస్ మీటరులో మరో చిక్కు ఉంది. అది నిజానికి కొలిచేది విద్యుత్ వాహకతను. దాన్ని ఒక గుణకంతో గుణించి టీడీఎస్‌గా చూపిస్తుంది. కొన్ని మీటర్లలో ఆ గుణకం 0.5, కొన్నింటిలో 0.7. సెంటీమీటరుకు 800 మైక్రోసీమెన్ల వాహకత ఉన్న నీటిని మొదటి రకం మీటరు 400 అంటుంది, రెండోది 560 అంటుంది. 500 హద్దు పెట్టుకుని చూస్తే ఒకే గ్లాసు నీరు ఒక మీటరులో పాస్, ఇంకో మీటరులో ఫెయిల్.

ఉష్ణోగ్రత కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్కో డిగ్రీ పెరిగితే నీటి వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది. ఢిల్లీలో జనవరి ఉదయపు కుళాయి నీటికీ, జూన్ మధ్యాహ్నం ట్యాంకు నీటికీ ఉష్ణోగ్రతలో ఎంతో తేడా ఉంటుంది. ఉష్ణోగ్రతను సరిచేసే ఏర్పాటు లేని మీటరు ఈ తేడాను ఉప్పు తేడాగా చూపించేస్తుంది.

మీటరు పక్కనే కొందరు అమ్మకందార్లు ఇంకో ప్రదర్శన చేస్తారు. కుళాయి నీటి గ్లాసులోనూ, ఆర్‌ఓ నీటి గ్లాసులోనూ లోహపు కడ్డీలు ముంచి కరెంటు ఇస్తారు. కుళాయి నీరు నిమిషంలో గోధుమ రంగు బురదలా మారుతుంది, ఆర్‌ఓ నీరు తేటగానే ఉంటుంది. చూసినవారు హడలిపోతారు. ఆ బురద నీటిలోంచి వచ్చింది కాదు. కరెంటు ప్రవహించడంతో ఇనుప కడ్డీయే కరిగి తుప్పుగా మారింది. ఆర్‌ఓ నీటిలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు పారలేదు, కడ్డీ కరగలేదు. ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ చేయమంటే అసలు సంగతి బయటపడుతుంది.

చిన్న అంకె వెనుక పెద్ద ప్రమాదం

కఠిన జలం ఒంటికి విషం కాదు. కాఠిన్యతకు గానీ, తాగునీటి పీహెచ్‌కు గానీ ఆరోగ్య ప్రాతిపదికన ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం శరీరానికి కావలసినవే. వీటితో ఇబ్బంది ప్రధానంగా రుచి, సబ్బు, పైపులు, హీటర్లకు సంబంధించినది. అసలు ప్రాణాంతకమైనవి మీటరు చూడలేని వాటిలో ఉన్నాయి. మురుగు కలిసిన నీటిలోని బ్యాక్టీరియాను టీడీఎస్ మీటరు పట్టుకోలేదు. నీటి పైపు, మురుగు కాలువ పక్కపక్కనే సాగే ఇరుకు వీధుల్లో ఇదే మొదటి ప్రమాదం. ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటితేనే ప్రమాణం మించినట్టు. 300 చూపించే మీటరులో అంత చిన్న మార్పు కనిపించదు. నైట్రేట్‌కు 45, ఫ్లోరైడ్‌కు 1.0, తప్పనిసరైతే 1.5 మిల్లీగ్రాములు హద్దు. ఢిల్లీ భూగర్భజలాల్లో కొన్నిచోట్ల ఉప్పదనంతో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా హద్దు దాటినట్టు కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు చెబుతున్నాయి.

ఫ్లోరైడ్ సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి నమోదు చేశారు. తర్వాతి కాలంలో నల్లగొండ పేరే ఈ వ్యాధికి పర్యాయపదంలా మారింది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు స్థిరపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియబెట్టి, తేర్చి వడగట్టే ఈ పద్ధతిలో పటిక వల్ల పీహెచ్ పడిపోకుండా కాపాడేది సున్నమే.

కాఠిన్యతకూ ఫ్లోరైడ్‌కూ మధ్య ఉన్న సంబంధం ఇంకా ఆసక్తికరం. కాల్షియం ఫ్లోరైడ్ నీటిలో అంత తేలిగ్గా కరగదు. అందువల్ల కాల్షియం బాగా ఉన్న కఠిన జలంలో ఫ్లోరైడ్ అట్టే నిలవదు. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై, కాల్షియం తక్కువై, పీహెచ్ కాస్త క్షారం వైపు ఉన్న నీటిలో గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ సులువుగా చేరుతుంది. అంటే సబ్బు చక్కగా నురగ వచ్చే, పప్పు బాగా ఉడికే మృదు జలంలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. నాలుకా, సబ్బూ, టీడీఎస్ మీటరూ మూడూ బాగుందన్న నీరు ఏళ్ల తరబడి తాగితే ఎముకలను వంచేయగలదు.

మరీ తేలికైన నీరూ చిక్కే

ఆర్‌ఓ పొర లవణాలను ఆపుతుంది గాని, కరిగిన కార్బన్ డయాక్సైడ్ వాయువును ఆపలేదు. ఆమ్లాన్ని తట్టుకునే బైకార్బొనేట్ పోయి, ఆమ్లాన్నిచ్చే వాయువు మిగలడంతో ఆర్‌ఓ నీటి పీహెచ్ తరచూ 6.5 కన్నా దిగువకు పడుతుంది. ఆ కొద్దిపాటి ఆమ్లత్వం తాగినవారికి హాని చేయదు, నిమ్మరసం అంతకు ఎన్నో రెట్లు ఆమ్లం. కానీ లవణాలు లేని, ఆమ్లం వైపు మొగ్గిన నీటికి తగిలిన లోహాన్ని కరిగించుకునే గుణం ఎక్కువ. దాన్ని లోహపు పాత్రల్లో రోజుల తరబడి నిల్వ ఉంచకపోవడం మేలు.

నీటికి ఉన్న ఈ కొరికే స్వభావాన్ని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లింట్ నగరం చూపించింది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి అక్కడ నీటి వనరును మార్చారు. పైపుల తుప్పును ఆపే రసాయనాన్ని కొత్త నీటిలో కలపలేదు. పాత పైపుల్లోని సీసం కరిగి ఇళ్లకు చేరింది, పిల్లల రక్తంలో సీసం పెరిగింది. పీహెచ్ మరీ పెరిగినా నష్టమే. నీటిలో కలిపిన క్లోరిన్ క్రిములను చంపే శక్తి పీహెచ్ 8 దాటితే బాగా తగ్గిపోతుంది.

ఆర్‌ఓ యంత్రం పారబోసే నీటి సమస్య కూడా ఉంది. శుద్ధి చేసిన నీటికన్నా ఎక్కువ నీటిని కాలువలోకి వదిలే ఇంటి యంత్రాలు చాలా ఉన్నాయి. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరంలో ఇది చిన్న విషయం కాదు. టీడీఎస్ 500 మిల్లీగ్రాములకు లోపు ఉన్న చోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించే దిశగా నిబంధనలు తేవాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది.

మీటరును వాడుకోవలసిన తీరు

ఇన్ని పరిమితులున్నా చేతి మీటరు పనికిరానిది కాదు. నీటిలో వచ్చే మార్పును పట్టుకోవడంలో అది దిట్ట. ఒకే కుళాయి దగ్గర, ఒకే మీటరుతో, వారానికోసారి పీహెచ్, టీడీఎస్ కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంటే నెల తిరిగేసరికి ఆ నీటి మామూలు స్థితి తెలుస్తుంది. 250 దగ్గర ఉండే అంకె ఒక్కసారిగా 900కు చేరితే, పైపు నీటికి బదులు బోరు నీరు ట్యాంకులోకి వచ్చిందని అనుమానించవచ్చు. ఆర్‌ఓ నీటి అంకె నెలనెలా పెరుగుతుంటే పొర మార్చే సమయం వచ్చిందని అర్థం.

కొలిచే ముందు గ్లాసును అదే నీటితో రెండుసార్లు కడగాలి. కుళాయిని ఒకట్రెండు నిమిషాలు వదిలి నీరు పట్టాలి. మీటరు కొనను వేలితో తాకకూడదు. అంకె స్థిరపడేదాకా ఆగాలి. లవణాలు తక్కువగా ఉన్న ఆర్‌ఓ నీటిలో పీహెచ్ అంకె నిలకడగా నిలవడానికి ఇంకొంచెం సమయం పడుతుంది. కాఠిన్యతకు చుక్కల కిట్ వాడాలి. కొత్త గదిలోకి మారినప్పుడు, బోరు నీరు తాగక తప్పనప్పుడు ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, కోలిఫాం బ్యాక్టీరియా పరీక్షలను గుర్తింపు పొందిన ప్రయోగశాలలో ఒక్కసారైనా చేయించాలి. ఒకే భవనంలో ఉండే పది గదులవారు కలిసి చేయించుకుంటే ఆ ఖర్చు ఒక్కొక్కరికీ స్వల్పమే.

ఆ నివేదిక చేతికి వచ్చాకే ఏ యంత్రం కావాలో, అసలు యంత్రం కావాలో వద్దో తేలుతుంది. బ్యాక్టీరియా ఒక్కటే సమస్య అయితే నీటిని మరిగించడమో, అతినీలలోహిత కిరణాల ఫిల్టరో చాలు. కాఠిన్యత ఒక్కటే అయితే తాగడానికి ఇబ్బంది లేదు, పప్పు కోసం కాచి తేర్చిన నీరు సరిపోతుంది. ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్ లేదా మితిమీరిన ఉప్పదనం ఉన్నప్పుడే ఆర్‌ఓ అవసరం పడుతుంది.